నాపరాయి కింద మంచు

మీరావలి మొదటిసారి పాలిటెక్నిక్ కాలేజీకి వచ్చిన రోజున అతని కుడి కనుబొమ్మ లేదు.

కెమిస్ట్రీ ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చంకలో ఒక స్టీలు క్యాను పెట్టుకుని నిలబడ్డాడు. లోపల సువర్చల జవాబు పత్రాలు దిద్దుతోంది. ఆ కాలేజీలో ఆమె పదిహేడేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతోంది. నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి పెట్టమనో, మట్టి పరీక్ష చేయమనో పల్నాడు ఊళ్ల నుంచి ఎవరో ఒకరు ఆ గుమ్మం ఎక్కడం మామూలే. కాని కాలిన మొహంతో ఎవరూ రాలేదు.

"ఏమైంది మొహానికి?"

"పేలింది మేడం. నీళ్లతో ఇంజన్ తోలదామని చూశా."

క్యాను బల్ల మీద పెట్టాడు. లోపల రెండు స్టీలు రేకులు, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు, రెండు తీగలు. బ్యాటరీ తగిలిస్తే బుడగలొస్తాయి. ఆ బుడగల్ని గొట్టంలో పట్టి ఆయిల్ ఇంజన్‌కు ఇచ్చాడట. అందుకోసం ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు కూడా బిగించాడట. అతనిది అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని తంగెళ్లపాడు. ఇంజన్లు, మోటార్లు బాగుచేస్తాడు.

"నాలుగుసార్లు కొట్టింది మేడం. ఉత్తుత్తిది కాదు, ఫ్లైవీల్ నా కళ్లముందే తిరిగింది. అయిదోసారికి మంట వెనక్కొచ్చి క్యాన్ మూత లేచిపోయింది."

సువర్చలకు నవ్వు వచ్చింది కాని ఆపుకుంది. "ఆ గ్యాసు మండుతుంది. అందులో అబద్ధం లేదు. కరెంటుతో నీటిని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. రెండూ కలిసి మండితే మళ్లీ నీళ్లే. కాని విడగొట్టడానికి నువ్వు పెట్టిన దాంట్లో నాలుగో వంతు కూడా ఇంజన్ నీకు తిరిగివ్వదు. మిగతాది ఎవరిస్తారు?"

మీరావలి క్యాను తన వైపు లాక్కున్నాడు. "అయితే తక్కువ కరెంటుకే విడగొట్టే రేకులు చేసివ్వండి మేడం. ఇంజన్ సంగతి నేను చూసుకుంటా."

చదువుకున్నవాడు అడగని మాట. అది కుదరదని చెప్పి పంపించింది. కాని ఆ మాట మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. పేపర్లు దిద్దుతుంటే అడ్డం వచ్చింది, క్లాసులో పాఠం చెబుతుంటే అడ్డం వచ్చింది. మూడో రోజున, పరిశోధన మధ్యలో వదిలేసినప్పటి నుంచి తెరవని బీరువా తెరిచింది. అందులో నల్లటి పూత పూసిన నికెల్ పలకలు డజను దాకా ఉన్నాయి. తుప్పు ఆపడానికని అప్పట్లో తయారుచేసిన పూత. నీళ్లలో పెడితే బుడగలు వదిలేది, తుప్పును ఆపలేకపోయింది; ఎవరికీ పనికిరాలేదు.

ఆ ఆదివారం మీరావలికి కబురు పెట్టింది.

మే నెల. బయట నలభై అయిదు డిగ్రీలు. ల్యాబ్‌లో ఫ్యాను తిప్పే గాలి కూడా వేడిగానే ఉంది. ఒక డ్రమ్ములో పలకలు దించి, కరెంటు ఇచ్చారు. బుడగలు సోడాలా పొంగాయి. సువర్చల మీటరు చూసింది. అంత గ్యాసుకు అంత తక్కువ కరెంటు సరిపోకూడదు. మీటరు పాడైందనుకుని ఇంకొకటి తగిలించింది. తరువాత ఫిజిక్స్ ల్యాబ్ తాళం తీయించి మూడోది తెచ్చింది. మూడూ ఒకే మాట చెప్పాయి.

"మేడం, ఈ డ్రమ్ము సల్లంగా ఉందేంది?" అన్నాడు మీరావలి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి.

ఆమె ముట్టుకుంది. డ్రమ్ముకు చెమట పట్టింది. చూస్తూ ఉండగానే ఆ చెమట గట్టిపడి, అంచుల దగ్గర తెల్లగా నూగులా పేరుకుంది. కుళాయి తిప్పితే గోరువెచ్చటి నీళ్లు వచ్చే ఆ ఊళ్లో, మిట్టమధ్యాహ్నం, ఆమె బల్ల మీద మంచు కట్టింది.

"మిగతాది ఎవరిస్తున్నారో తెలిసింది" అంది సువర్చల. "ఈ నీళ్లే ఇస్తున్నాయి. తమలో ఉన్న వేడినంతా ఖర్చుపెట్టి విడిపోతున్నాయి. నీళ్లకు ఆ గుణం కొంచెం ఎప్పుడూ ఉంటుంది. ఈ పూత ఆ కొంచాన్ని పట్టుకుని మొత్తం చేసేసింది. ఎలా చేసిందో నాకూ తెలియదు."

సాయంత్రానికి ఆ గ్యాసును నీళ్ల సీసాలోంచి పంపించి, మంట వెనక్కి రాకుండా చూసుకుని, మీరావలి ఇంజన్‌కు ఇచ్చారు. ఇంజన్ తిరిగింది. డైనమోను తిప్పింది. డైనమో మళ్లీ డ్రమ్ముకు కరెంటు ఇచ్చింది. బ్యాటరీ తీగలు పీకేసినా ఇంజన్ ఆగలేదు. పదకొండు నిమిషాలు నడిచింది. తరువాత డ్రమ్ములో కాస్టిక్ నీళ్లు ముద్దకట్టి, బుడగలు ఆగిపోయి, ఇంజన్ రెండు దగ్గులు దగ్గి నిలిచిపోయింది.

"దీనికి వేడి కావాలి" అంది సువర్చల. "ఎప్పుడూ అందుతూ ఉండే వేడి."

మీరావలి ఒళ్లంతా చెమటతో నవ్వాడు. "మా ఊళ్లో నీళ్లకు కరువు గానీ వేడికి కరువేంది మేడం?"

* * *

తంగెళ్లపాడు నాపరాయి మీద కట్టిన ఊరు. గోడలకు, పైకప్పులకు, గట్లకు, సమాధులకు అదే రాయి. ఊరి ఉత్తరాన క్వారీ ఉంది. తక్కిన మూడు వైపులా మిరప చేలు. ఆ చేలల్లో బోర్లు వేసీ వేసీ జనం అలిసిపోయారు. పది వేస్తే రెండింట్లో నీళ్లు పడతాయి. మిగతావి ఎండుబోర్లు, వాటి మీద రాయి కప్పి వదిలేస్తారు.

ఆ ఎండుబోర్ల గురించే మీరావలి ఆలోచించాడు. పలకల్ని డ్రమ్ములో కాకుండా పొడవాటి ఇనుప గొట్టంలో బిగించి, బోరులోకి దించాడు. చుట్టూ ఉప్పునీళ్లు నింపాడు. కింద రాయికి ముప్పయి రెండు డిగ్రీల వేడి, ఎండాకాలమైనా చలికాలమైనా. ఆ వేడి ఉప్పునీళ్ల ద్వారా గొట్టానికి అందుతుంది. పైన షెడ్డులో ఇంజన్ తిరుగుతుంది. అది పక్కనున్న మంచి బోరులోంచి నీళ్లు తోడుతుంది.

మొదటి ఇంజన్ మీరావలి ఇంటి వెనకే. దాన్ని నడిపిన రోజున అతని భార్య జైనాబీ గొట్టం పైకి వచ్చే చోట మజ్జిగ కుండ పెట్టింది. గంటలో మజ్జిగ గడ్డకట్టింది. వాడకట్టు ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని వచ్చారు. జైనాబీ తండ్రి లాల్ సాహెబ్ మాత్రం ఇంజన్ దగ్గర గొంతుక్కూర్చుని, గొట్టం దిగిన చోట నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నలభై ఏళ్లుగా క్వారీలో మేస్త్రీ. సుత్తితో ఒక్క దెబ్బ వేసి, వచ్చే చప్పుడును బట్టి బండ మంచిదో బీటదో చెప్పే మనిషి.

"అల్లుడా, ఇది తాగేది ఎవురి వేడి?" అన్నాడు.

"భూమిది మామా."

"మళ్లీ ఎవురిస్తారు దానికి?"

మీరావలి సువర్చల వైపు చూశాడు. ఆమె దగ్గర జవాబు ఉంది. ఒక కాగితం నిండా లెక్క వేసే వచ్చింది. రాతి బీటల్లో నీరు కదులుతూ ఉంటుంది. ఆ నీరు దూరం నుంచి వేడిని మోసుకొస్తుంది. పది మీటర్ల మేర నాలుగైదు డిగ్రీలు తగ్గి, అక్కడితో ఆగిపోతుంది. ఇంజన్ తాగేది, నీరు తెచ్చేది సరిపోతాయి. లాల్ సాహెబ్‌కు అదంతా విడమర్చి చెప్పింది. ఆయన తల ఊపాడు. అర్థమై ఊపాడో, చదువుకున్న మనిషి చెప్పింది గదా అని ఊపాడో ఆమె అడగలేదు.

రెండేళ్లు తిరిగేసరికి తంగెళ్లపాడులో నలభై ఆరు ఇంజన్లు నడుస్తున్నాయి. ఎనిమిది క్వారీ వైపు, మిగతావి ఊరి చుట్టూ. డీజిల్ వాసన పోయింది. కరెంటు ఎప్పుడొస్తుందా అని మోటారు దగ్గర పడిగాపులు పోయాయి. మే నెలలో జనం షెడ్లలోకి చేరి, చల్లటి గొట్టానికి వీపులు ఆనించి పేకాడుకునేవాళ్లు. అంకమరావు అనే పెద్ద రైతు ఊరి తరఫున సువర్చలకు శాలువా కప్పాడు. పలకల పూత రహస్యం ఆమె ఎవరికీ ఇవ్వలేదు; ఆరు నెలలకోసారి పూత కరిగిపోతే కొత్తవి తనే ల్యాబ్‌లో చేసి ఇచ్చేది. ఒక పెద్ద పరిశోధన సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది, వచ్చి చేరమని. పందొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన పిలుపు అది. వచ్చే వేసవి తరువాత వస్తానని రాసింది.

మొదటి ఏడాది ఆమె నెలనెలా బోర్లలోకి దారం కట్టిన థర్మామీటరు దించి చూసేది. ముప్పయి రెండు, ముప్పయి, ఇరవై ఎనిమిది. లెక్క ప్రకారమే తగ్గుతోంది. అక్కడ ఆగుతుందన్న నమ్మకంతో రెండో ఏడాది చూడటం మానేసింది.

* * *

డిసెంబరులో లాల్ సాహెబ్ స్వయంగా బస్సెక్కి కాలేజీకి వచ్చాడు.

"రాయి తేలిగ్గా వస్తాందమ్మా" అన్నాడు కూర్చోకుండానే. "గునపం పెడితే చాలు, పొర పొరంతా లేచి వస్తాంది. కూలోళ్లు సంతోషంగా ఉన్నారు. నాకే మనసు కుదురుగా లేదు. సుత్తి ఏస్తే పలకటం లేదు రాయి. తడిసిన చెక్కను కొట్టినట్టుంది. ఒకసారి వచ్చి చూడమ్మా."

ఆమె అదే బస్సులో ఆయనతో తిరిగి వెళ్లింది. క్వారీ గోడ ముప్పయి అడుగుల ఎత్తు, పొరలు పొరలుగా, పుస్తకాలు పేర్చినట్టు ఉంటుంది. ఆ పొరల మధ్య, నీడ ఉన్న చోట, సన్నటి తెల్ల గీతలు కనిపించాయి. సున్నం అనుకుని గోటితో గీకింది. వేలు చురుక్కుమంది. నోట్లో పెట్టుకుని చూసింది. అది మంచు.

నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. ఉబ్బి, బీటను వెడల్పు చేస్తుంది. ఆ మధ్యాహ్నమంతా దారం పట్టుకుని ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు దాదాపు పరుగెత్తింది. నాలుగు డిగ్రీలు. రెండు. సున్నా. అంకమరావు బోరులో సున్నాకు కింద ఆరు.

తన లెక్క ఎక్కడ తప్పిందో చేను గట్టు మీద నిలబడి ఉండగా తెలిసింది. నీరు కదులుతూ వేడి తెస్తుందని ఒక్క ఇంజన్‌కు వేసిన లెక్క అది. నలభై ఆరు కలిసి తాగేసరికి నీరు తెచ్చేది చాలక గడ్డకట్టేదాకా వచ్చింది. నీరు గడ్డకట్టాక కదలదు. దారి తానే మూసేసుకుంది. అప్పటినుంచి ఇంజన్లు ఒట్టి రాతినే తాగుతున్నాయి. పదిహేను, పదహారు రోజులకు ఒక డిగ్రీ చొప్పున.

ఆ సాయంత్రమే రైతుల్ని పిలిచి ఇంజన్లు ఆపేయమంది.

"ఇప్పుడా?" అన్నాడు అంకమరావు. "చేను పూత మీదుంది మేడం. ఇప్పుడు తడి ఆగితే పూతంతా రాలిపోద్ది. ఊళ్లో డీజిల్ ఇంజన్ ఒక్కటన్నా మిగిలిందా? మీరు చెప్పబట్టే గదా అన్నీ అమ్ముకుంది."

"రాయి పగులుతోంది, అంకమరావు గారూ."

"రెండేళ్ల నుంచి పగలంది నెల రోజుల్లో పగులుద్దా? మొదటి కోత అయిపోనీండి. మేమే ఆపుకుంటాం."

ఆమె మీరావలి వైపు తిరిగింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. నలభై ఆరు ఇంజన్లనూ తన చేతులతో బిగించినవాడు. ఊళ్లో ఇప్పుడు అతన్ని మెకానిక్ అని ఎవరూ అనడం లేదు, ఇంజనీరు గారంటున్నారు.

"నెల రోజులే గదా మేడం" అన్నాడు మెల్లగా.

సువర్చల గట్టిగా అరిచి ఉండవచ్చు. అధికారులకు రాసి ఉండవచ్చు. పలకలు ఇవ్వనని బెదిరించినా, ఉన్న పలకలు మార్చి నెల దాకా నడుస్తాయి. అయినా బెదిరించి ఉండవచ్చు. ఆ తరువాత ఎన్నోసార్లు తనను తాను ఆ సభలో నిలబెట్టుకుని చూసుకుంది. ఆ రోజు మాత్రం ఆమె "సరే, నెల" అంది.

ఆ నెలంతా ఆమెకు ఒక చోట కాలు నిలవలేదు. రోజు విడిచి రోజు తంగెళ్లపాడు వెళ్లేది. బస్సులో కూర్చుంటే ఇంకా వేగంగా పోకూడదా అనిపించేది. ఊరు కనబడగానే వెనక్కి తిరిగిపోవాలనిపించేది. లాల్ సాహెబ్ క్వారీ యజమానితో పోట్లాడి, గోడ కింద పని ఆపించాడు. బండలు చెక్కే ఆడవాళ్లను రోడ్డు పక్కకు మార్పించాడు. ఆయన చేయగలిగింది ఆయన చేశాడు.

జనవరి చివరి వారం, ఒక ఉదయం పది గంటలప్పుడు, సువర్చల క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. మీరావలి. వెనక జనం కేకలు వినిపిస్తున్నాయి.

"మామ" అన్నాడు. "మామ మేడం."

రెండు రోజులుగా ఎండ తీవ్రమైంది. తూర్పు ఎండ నేరుగా క్వారీ గోడ మీద పడుతుంది. పొరల మధ్య మంచు కరిగి నీళ్లు కారుతున్నాయని కూలీలు చెబితే, లాల్ సాహెబ్ చూడటానికి వెళ్లాడు. గోడ కింద ఎవరూ ఉండకూడదని గీసిన ముగ్గు గీతను తనే దాటాడు. అవతల మరిచిపోయిన తన పనిముట్ల సంచి కోసమని ఒకరు, రాయి చూడటానికని ఇంకొకరు చెప్పారు. గోడ పైనుంచి కింది దాకా ఒక్కసారిగా జారింది.

యంత్రాలు వచ్చాయి. రెండు రోజులు బండలు తీశారు. రెండో రోజు మళ్లీ జారి, ఒక యంత్రం బండల కింద నలిగింది. డ్రైవరు దూకి బయటపడ్డాడు. ఇంకో రాయి కదిలించినా వెనకున్న గుట్టంతా వస్తుందని వచ్చిన అధికారులు చెప్పి పని ఆపించారు. శవం దొరకలేదు. క్వారీ గట్టు మీద నిలబడి, బండల వైపు తిరిగి, ఊరి ముస్లింలు జనాజా నమాజు చదివారు. ముందు ఖాళీ నేల. జైనాబీ ఏడవలేదు. దూరంగా ఒక బండ మీద కూర్చుని, లోపల ఉన్న మనిషి ఏ క్షణమైనా పిలుస్తాడన్నట్టు అటే చూస్తోంది.

* * *

మూడో రోజు మీరావలి ఒక పెద్ద స్పానరు తీసుకుని బయల్దేరాడు. ముందు తన ఇంజన్ ఆపాడు. తరువాత పక్కవాళ్లది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అంకమరావు తనది తనే ఆపుకుని, గొట్టం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. సాయంత్రానికి ఊరు రెండేళ్లలో మొదటిసారి చప్పుడు లేకుండా పడి ఉంది.

సువర్చలకు ఊపిరి వచ్చినట్టయింది. అది నాలుగు రోజులే.

అయిదో రోజున మసీదు వీధిలో నేల బెత్తెడు కుంగింది. ఒక ఇంటి గోడ పైనుంచి కిందికి చీలింది. మంచినీళ్ల ట్యాంకు బోరు బురద పోసింది. ఆమె వచ్చి దారం దించింది. సున్నాకు కింద ఆరు ఉన్నచోట ఇప్పుడు కింద మూడే. చుట్టూ ఉన్న భూమి వేడి లోపలికి నడుస్తోంది. మంచు కరుగుతోంది.

వీధి మధ్యలో నిలబడి చీలిన గోడను చూస్తూ ఉండగా అర్థమైంది. ఇన్నాళ్లూ రాతిని పగలగొట్టింది మంచే. పగిలిన ముక్కల్ని ఇప్పుడు పట్టి ఉంచుతున్నదీ ఆ మంచే. క్వారీలో ప్రాణం తీసింది చలి కాదు, ఎండ.

మీరావలి తన షెడ్డులో ఇంజన్‌ను ముక్కలుగా విప్పుతున్నాడు. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. ఏడేళ్లు మోటార్ల షెడ్డులో పనిచేసిన చెయ్యి. విదిలిస్తే ఆమె పడిపోయేదే. విదిలించలేదు.

"మళ్లీ బిగించు. అన్నీ మొదలుపెట్టాలి. ఇవాళే."

అతను ఆమె మొహంలోకి వింతగా చూశాడు. "మీరేగా మేడం ఆపమంది?"

"అవును. అప్పుడు ఆపి ఉండాల్సింది. ఇప్పుడు ఆపితే ఊరు కింద మంచంతా ఒక్కసారి కరుగుతుంది. క్వారీలో ఏం జరిగిందో, అదే ఇళ్ల కింద జరుగుతుంది. చిన్నగా కరగనివ్వాలి. కరిగిన చోట కరిగినట్టు బీటల్లోకి సిమెంటు పాలు నింపుకుంటూ రావాలి. అందాకా ఇంజన్లు తిరగాలి."

"మా మామను తిన్నదాన్ని మళ్లీ నా చేత్తో తిప్పమంటారా?"

షెడ్డు తలుపు దగ్గర జైనాబీ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"ఎన్నాళ్లు?" అని అడిగింది జైనాబీ.

"ఎనిమిదేళ్లు. పదేళ్లు కావచ్చు. ఈసారి నా లెక్క నమ్మమని నేను అడగను జైనాబీ. ప్రతి రోజూ కొలుచుకుంటూ పోదాం."

"క్వారీ వైపు?"

"అక్కడ ఇళ్లు లేవు. ఎనిమిదే ఇంజన్లు. మూడేళ్లలో నేల కుదుటపడుతుంది. అప్పుడు రాళ్లు తీయొచ్చు."

వీధిలో ఎవరో చీలిన ఇంట్లోంచి మంచాలు బయట వేస్తున్న చప్పుడు వస్తోంది. జైనాబీ వంగి, నేల మీద పడి ఉన్న స్పార్క్ ప్లగ్గు తీసి, కొంగుతో తుడిచి, భర్త చేతిలో పెట్టింది.

"బిగించయ్యా" అంది.

* * *

పరిశోధన సంస్థకు సువర్చల మూడు లైన్ల ఉత్తరం రాసింది, రాలేనని. కారణం రాయలేదు. ఊరి సంగతి పేపర్లో చదివి, వాళ్లు ఫోన్ చేసి పూత గురించి అడిగారు. సముద్రంలో పెడితే ఈ చిక్కు రాదు గదా, అక్కడ నీరు గడ్డకట్టదు గదా అన్నారు. రాదేమో అని ఆమెకూ అనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది. "ఇక్కడి పని అయ్యాక మాట్లాడదాం" అని పెట్టేసింది.

తంగెళ్లపాడులో ఒక గది అద్దెకు తీసుకుంది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి బోర్లు. ఊరు ఆమెను తిట్టలేదు, పలకరించనూ లేదు. శాలువా కప్పిన చోటే జనం ఆమెకు దారి ఇచ్చి పక్కకు తొలగేవాళ్లు. అసహ్యించుకున్న పలకల్ని ఆరు నెలలకోసారి తన చేతులతోనే చేసేది. అవి లేకపోతే ఊరు నిలవదు. ఒక్కో ఇంజన్ రోజూ నడిచే సమయాన్ని నెలనెలా పది నిమిషాల చొప్పున తగ్గించారు. తగ్గించిన ప్రతిసారీ మూడు రోజులు ఎవరికీ కంటి మీద కునుకు ఉండేది కాదు. మసీదు వీధిలో ఇంకో రెండు ఇళ్లు ఖాళీ చేయించారు. అంకమరావు తన రెండెకరాలు అమ్మి సిమెంటు తెప్పించాడు. ఎందుకని అడిగితే "నెల రోజులడిగింది నేను" అన్నాడు, అంతే.

మీరావలి ఇంజన్ల దగ్గర నవ్వడం మానేశాడు. పని మాత్రం మానలేదు. ఏ ఇంజన్ ఎక్కడ తడబడినా అతనికి ఇంట్లో కూర్చుని వినబడేది. అన్నం ముందునుంచి లేచి పోయేవాడు.

వేడి కొలిచే పని జైనాబీ తీసుకుంది. పదో తరగతి దాకా చదివింది. రోజుకు రెండుసార్లు, ఏడు గంటలకు, అయిదు గంటలకు, నలభై ఆరు బోర్లూ తిరిగి పుస్తకంలో రాసేది. ఒకరోజు సువర్చల అడిగింది, ఈ పని ఎందుకు పెట్టుకున్నావని.

"ముందు మిమ్మల్ని నమ్మక" అంది జైనాబీ. "ఇప్పుడైతే అలవాటైంది."

మూడో ఏడాది చివర, ఫిబ్రవరిలో, క్వారీ వైపు ఎనిమిదో ఇంజన్ ఆగింది. నలభై రోజులు చూశారు. నేల కదలలేదు. అప్పుడు యంత్రాల్ని రానిచ్చారు.

బండలు ఒకటొకటిగా తీయడానికి ఆరు రోజులు పట్టింది. లోతు పొరల్లో చలి ఇంకా మిగిలే ఉంది. ఆరో రోజు ఉదయం యంత్రం ఆగింది. డ్రైవరు దిగి టోపీ తీశాడు.

రెండు పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి వాలి, మధ్యలో గుడిసెలా ఏర్పడిన చోట లాల్ సాహెబ్ పక్కకు ఒరిగి ఉన్నాడు. చలి ఆయన్ని చెడనివ్వలేదు. నెరిసిన గడ్డం, మెడ చుట్టూ గళ్ల తువ్వాలు, చొక్కా జేబులో బీడీ కట్ట, అన్నీ ఆ జనవరి ఉదయంలోనే ఉండిపోయాయి. మూడేళ్లలో మీరావలి తల సగం నెరిసింది. జైనాబీ కళ్ల కింద గీతలు పడ్డాయి. ఆయన వయసు ఒక్క రోజు కూడా పెరగలేదు.

జైనాబీ బండల మధ్యకు దిగి, తండ్రి బుగ్గ మీద చెయ్యి పెట్టింది. చల్లదనానికి చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ పెట్టింది. అప్పుడు ఏడ్చింది. మూడేళ్లు దాచుకున్నదంతా క్వారీ గోడలకు తగిలి తిరిగొచ్చేట్టు ఏడ్చింది. సువర్చల గట్టు మీదే నిలబడిపోయింది. కిందికి దిగే హక్కు తనకు లేదనిపించింది. కాసేపటికి జైనాబీయే తల ఎత్తి, చెయ్యి చాపి పిలిచింది.

"రా మేడం. సాయం పట్టు. బరువుగా ఉన్నాడు."

ఆ మధ్యాహ్నం ఆయనకు స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, ఈసారి ఆయన్ని ముందు పెట్టుకుని నమాజు చదివారు. ఊరంతా వచ్చింది. అంకమరావు ఒక భుజం పట్టాడు. మట్టి ఇచ్చి అందరూ తిరిగి వచ్చేసరికి నాలుగున్నర దాటింది.

సువర్చల జైనాబీ ఇంటి గుమ్మం దగ్గర ఆగింది. "ఇవాళ్టి కొలతలు నేను రాస్తాను. నువ్వు పడుకో."

"ఇంకా నడిచే ఇంజన్లు ఎన్నున్నయి?"

"ముప్పయి ఎనిమిది."

జైనాబీ గూట్లోంచి పుస్తకం తీసింది. దారం చుట్ట భుజానికి తగిలించుకుంది. "పడుకుందామంటే ఆ ముప్పయి ఎనిమిదీ నా మంచం కిందే ఉన్నట్టుంటది మేడం. అటు పక్కవి మీరు చూడండి, ఇటు పక్కవి నేను చూస్తా. పొద్దు పోకముందే అయిపోద్ది."

అంటూనే మెట్లు దిగి, మసీదు వీధి వైపు నడిచింది.